అప్పులు కాపాడిన ఇల్లు: లిటిల్ మోర్టన్ హాల్

ఇంగ్లండ్‌లో చెషైర్ కౌంటీలో కాంగిల్టన్ అనే ఊరికి ఓ ఏడు కిలోమీటర్ల దూరంలో లిటిల్ మోర్టన్ హాల్ అని ఒక పాత మేనర్ హౌస్ ఉంది, దాని ఫొటో మొదటిసారి చూస్తే ఎవరో కంప్యూటర్‌లో వంకర తిప్పారేమో అనే డౌట్ రాకుండా ఉండదు. చుట్టూ నీళ్ళు నిండిన కందకం, లోపల నలుపు తెలుపు గీతల గోడలు, వాటిలో సరిగ్గా నిటారుగా ఉన్నది వెతికినా దొరకదు, పై అంతస్తు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వరసగా కిటికీలే, ఆ కిటికీల నెత్తిన బరువైన రాతి పలకల కప్పు, ఆ బరువుకి కింది ఫ్లోర్లు వంగిపోయి, గోడలు బయటికి ఉబ్బి, అయినా పడిపోకుండా నాలుగున్నర శతాబ్దాలుగా అలాగే నిలబడి ఉంది. ట్యూడర్ రాజవంశం కాలం (దాదాపు పదహారో శతాబ్దం) నాటి చెక్క ఇళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లండ్‌లో ముందు చెప్పుకునే పేర్లలో ఇదొకటి. చారిత్రక కట్టడాలకి అక్కడిచ్చే అత్యున్నత రక్షణ గ్రేడ్ వన్ కూడా దీనికి ఉంది.

సాధారణంగా దీని గురించి రాసేవాళ్ళంతా దీని అందం గురించి, ఆ వంకరల గురించే రాస్తారు. అసలు ఆలోచించాల్సింది ఇంకోటుంది. ఇలాంటి చెక్క భవనాలు పదహారో శతాబ్దంలో చెషైర్, ఆ చుట్టుపక్కల కౌంటీల్లో చాలానే కట్టారు. డబ్బున్న కుటుంబాలు తర్వాతి తరాల్లో వాటిని పడగొట్టో, రాతి తొడుగు తొడిగో ఫ్యాషన్‌కి తగ్గట్టు మార్చేసుకున్నాయి. ఇది మాత్రం దాదాపు 1610లో ఎలా ఉందో అలాగే మిగిలింది, ఎందుకంటే మోర్టన్ల వంశానికి మార్చడానికి డబ్బు లేకుండా పోయింది. కట్టింది సంపద అయితే నిలబెట్టింది అప్పు.

ముందు మేనర్ అంటే ఏంటో క్లియర్‌గా తెలియాలి, లేకపోతే ఈ ఇంటి ప్లాన్ అర్థం కాదు. మేనర్ అంటే ఉత్త ఇల్లు కాదు, ఒక భూస్వామి చేతిలో ఉండే ఎస్టేట్ మొత్తం, అంటే సొంత సాగు భూమి, కౌలు రైతుల భూములు, పిండిమర, చేపల చెరువులు, రైతుల తగాదాలు తీర్చే మేనర్ కోర్టు, ఇవన్నీ కలిపి మేనర్. మన జమీందారీ, దివాణం లాంటిదని మొదటి అంచనాకి అనుకోవచ్చు గానీ సైజులో చాలా చిన్నది, ఒకటి రెండు ఊళ్ళకి మించకపోవచ్చు. ఆ భూస్వామి ఉండే ఇల్లే మేనర్ హౌస్. కోట కాదు, రాజభవనమూ కాదు, కానీ ఊళ్ళో మిగతావాళ్ళకి ఈ ఇంటాయన ఎవరో చూడగానే తెలియాలి.

మోర్టన్లు ఈ ప్రాంతంలో పదమూడో శతాబ్దం నుంచి ఉన్నారు. వాళ్ళు పైకి రావడం వెనక పెద్ద వీరగాథలేం లేవు, ఇతరుల కష్టకాలంలో భూములు చవగ్గా దొరికితే కొనుక్కున్నారు, అంతే. 1348లో బ్లాక్ డెత్ అనే ప్లేగు వచ్చి ఇంగ్లండ్‌లో జనాభాలో పెద్ద భాగం చచ్చిపోయినప్పుడు యజమానుల్లేని భూములు బోలెడు మార్కెట్లోకి వచ్చాయి, అప్పుడు కొన్నారు. తర్వాత ఎనిమిదో హెన్రీ రాజు క్రైస్తవ మఠాలన్నీ మూయించిన కాలంలో కూడా లాభపడ్డారు. పదహారో శతాబ్దం మధ్యకొచ్చేసరికి వాళ్ళ ఎస్టేట్ 1,360 ఎకరాలు, అందులో పిండిమర, పండ్ల తోటలు, నీటి శక్తితో నడిచే సుత్తులున్న ఇనుప బట్టీ కూడా ఉన్నాయి. ఈ ఇనుప బట్టీ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇది వ్యవసాయం మీద మాత్రమే బతికే కుటుంబం కాదు, చేతిలో క్యాష్ ఆడే కుటుంబం, ఆ క్యాష్ ఈ ఇంటి గోడల మీద కనిపిస్తుంది.

ఇప్పుడున్న ఇంట్లో అన్నిటికన్నా పాత భాగం గ్రేట్ హాల్, దాన్ని దాదాపు 1504–08 మధ్య విలియం మోర్టన్ కట్టించాడు. కందకం మాత్రం అంతకంటే పాతది, ఇదే స్థలంలో ముందున్న ఇంకో ఇంటి చుట్టూ పదమూడు పద్నాలుగు శతాబ్దాల్లో తవ్వి ఉంటారని అంచనా. పది మీటర్ల వెడల్పు కందకం అంటే శత్రువుల్ని ఆపడానికే అనిపిస్తుంది, కానీ ఈ ఇంటికి కోట గోడల్లేవు, బురుజుల్లేవు, బాణాలు వేసే రంధ్రాల్లేవు, మంట పెడితే అంటుకునే చెక్క గోడలు తప్ప. కందకం ఇక్కడ హోదా కోసం. దానికి ఇంకో ఉపయోగం కూడా ఉండేది, దక్షిణం వైపు కట్టడంలో ఉన్న మరుగుదొడ్లలో పడిందంతా నేరుగా ఆ నీళ్ళలోకే పోయేది.

గ్రేట్ హాల్ అనేది మధ్యయుగాల ఇంగ్లిష్ ఇంటికి గుండెకాయ. యజమాని, ఆయన కుటుంబం, పనివాళ్ళు, కౌలు రైతులు, వచ్చేపోయే జనం అందరూ ఒకే పెద్ద గదిలో తినేవాళ్ళు, కొందరు అక్కడే పడుకునేవాళ్ళు కూడా. కానీ అందరూ ఒకే గదిలో ఉన్నారని అందరూ సమానమని కాదు. ఒక చివర యజమాని బల్ల, దాని వెనకాల ఆయన ప్రైవేట్ గదులకి దారి. రెండో చివర వంటింటి వైపు తలుపులు, అక్కడ గాలి, పొగ, జనం రాకపోకలు హాల్లోకి కొట్టకుండా ఒక చెక్క అడ్డుగోడ, దాని వెనక నడవా. బయట్నుంచి వచ్చినవాడు ఆ నడవాలోంచి హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా దూరంగా యజమాని కనిపిస్తాడు, తను ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి హాల్లో మొదట్లో నేల బహుశా మట్టిదే, మీద రెల్లు పరిచేవాళ్ళు, మధ్యలో మంట. ఆ పాత అడ్డుగోడ ఇప్పుడు లేదు గానీ ప్లాన్ చూస్తే ఆ పద్ధతి ఇంకా తెలిసిపోతుంది.

తర్వాతి తరం విలియం మోర్టన్, తండ్రీ కొడుకులిద్దరి పేరూ విలియమే, ఆ హాల్‌ని పై కప్పు దాకా ఖాళీగా వదిలెయ్యడం ఇష్టంలేక మధ్యలో ఒక అంతస్తు వేయించాడు, దాన్ని ఆ తర్వాతి కాలంలో తీసేశారు. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతా ఇదే జరుగుతోంది. పొగగొట్టాలు వచ్చాక హాల్ మధ్యలో మంట అక్కర్లేదు, మంట లేకపోతే పొగ కోసం అంత ఎత్తు అక్కర్లేదు, ఎత్తు మిగిలితే పైన ఇంకో గది వస్తుంది, గది వస్తే యజమాని జనంతో కలిసి తినడం మానేసి పైకెళ్ళి కుటుంబంతో తింటాడు. ఊరంతా కూర్చునే హాల్ మెల్లగా ఎంట్రన్స్ రూమ్‌లా మారిపోవడం అక్కడే మొదలైంది. ప్రైవసీ అనేది ఒక ఆలోచనగా కాకుండా ముందు ఒక ఇటుక పొగగొట్టంగా ఇంట్లోకి వచ్చిందంటే తప్పులేదు.

అదే విలియం 1559లో ముంగిట్లోకి చూసేలా రెండు పెద్ద బే విండోలు పెట్టించాడు. బే విండో అంటే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి మూడు లేదా ఇంకా ఎక్కువ ముఖాలతో ఉండే కిటికీ. ఈ రెండూ ఎంత దగ్గర దగ్గరగా పెట్టారంటే పైన వాటి కప్పుల అంచులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఇప్పటి ఇంజనీర్ అయితే డ్రాయింగ్ దశలోనే ఆపేసేవాడు. వాటి మీద చెక్కలో చెక్కిన రాత ఇప్పటికీ చదువుకోవచ్చు. దేవుడే సర్వమనీ, ఈ కిటికీలు 1559లో విలియం మోర్టన్ చేయించాడనీ ఒకచోట ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు, డబ్బు పెట్టినవాడు పేరు రాయించుకుంటాడు. కానీ దాని కిందే ఇంకో వాక్యం ఉంది, రిచర్డ్ డేల్ అనే వడ్రంగి దేవుడి దయతో ఈ కిటికీలు చేశాడని. ఆ కాలంలో పెద్దింటి మీద వడ్రంగి పేరు ఉండటం చాలా అరుదు. ఎన్నో గొప్ప భవనాలకి కట్టించినవాడి పేరు తెలుసు, కట్టినవాడి పేరు తెలీదు, ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకేచోట పక్కపక్కనే అన్నట్టు ఉన్నారు. ఈ ఇంట్లో చూడాల్సిన వాటిలో దీన్ని ముందు పెట్టాలి.

ఆ వడ్రంగి పని ఎలా చేసేవాళ్ళో తెలిస్తే ఇల్లు ఎందుకు వంగిందో, వంగినా ఎందుకు పడలేదో రెండూ అర్థమవుతాయి. చెషైర్ మైదాన ప్రాంతంలో ఓక్ చెట్లకి కొదవ లేదు కాబట్టి ఎముకల గూడు మొత్తం ఓక్ దూలాలు, స్తంభాలతో నిలబెట్టారు. ఓక్‌ని ఎండబెట్టి వాడేవాళ్ళు కాదు, పచ్చిగా ఉన్నప్పుడే కోసి వాడేవాళ్ళు, ఎండితే అది ఇనుములా తయారై ఉలి దిగదు మరి. ఒక దూలం చివర సన్నగా చెక్కి, రెండో దూలంలో దానికి సరిగ్గా పట్టే తొర్ర తొలిచి, అందులో దూర్చి, రెండిట్లోంచి ఓక్ మేకు దిగ్గొట్టేవాళ్ళు. ముక్కలన్నీ కింద నేల మీద ముందే కోసి, అమర్చి చూసుకుని, ఏది ఎక్కడికో తెలియడానికి గుర్తులు గీసుకుని, విప్పి, మళ్ళీ సైట్లో నిలబెట్టేవాళ్ళు. తర్వాత ఏళ్ళ తరబడి ఆ చెక్క ఎండుతూ, కుంచించుకుపోతూ, మెలి తిరుగుతూ ఉంటుంది, ఆ క్రమంలో కీళ్ళు ఇంకా బిగుసుకుంటాయి. అంటే ఈ ఇంట్లో వంకర మొదటి రోజునుంచే లెక్కలో ఉంది. రాతి గోడ కదిలితే పగులుతుంది, చెక్క గూడు కదిలితే బరువుని పక్క కీలుకి పంపి సర్దుకుంటుంది.

దూలాల మధ్య ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తి సున్నం కొట్టేవాళ్ళు, కొన్నిచోట్ల ఇటుక పెట్టారు. బరువంతా మోసేది చెక్క గూడే, మధ్యలో ఉన్నది గాలి రాకుండా అడ్డం మాత్రమే. నిలబెట్టడానికి నిజంగా కావాల్సినంత చెక్క ఎంతో అంతకంటే చాలా ఎక్కువ ఇక్కడ కనిపిస్తుంది, నాలుగు రేకుల పువ్వు ఆకారాలు, ఏటవాలు చారలు, డైమండ్లు, ఇవేవీ బరువు మొయ్యవు. ఓక్ ఖరీదైన వస్తువు, దాన్ని ఇలా గోడంతా పరిచారంటే ఇనుప బట్టీ డబ్బు కళ్ళెదురుగా ఉన్నట్టే. గాజు కూడా అంతే. ఇంట్లో కిటికీల్లో దాదాపు 30,000 చిన్న గాజు ముక్కలున్నాయి, సీసపు పట్టీలతో కలిపి చతురస్రాలు, వృత్తాలు, త్రిభుజాలుగా అమర్చారు. పెద్ద గాజు పలక చెయ్యడం అప్పటికింకా చేతకాదు కాబట్టి చిన్న ముక్కల్నే డిజైన్ చేసుకున్నారు. అందులో పదహారో శతాబ్దం నాటి గాజు చాలా వరకు ఇంకా మిగిలే ఉంది, మామూలుగా పాత ఇళ్ళల్లో అన్నిటికంటే ముందు పోయేది అదే.

ఇక అందరూ మాట్లాడుకునే దక్షిణం వైపు కట్టడం. విలియం కొడుకు జాన్ మోర్టన్ 1560ల మొదట్లో ప్రవేశ ద్వారం ఉండే గేట్ హౌస్‌తో సహా దీన్ని కట్టించాడు. పని మొదలయ్యాక మధ్యలో ఎప్పుడో పైన లాంగ్ గ్యాలరీ కూడా కావాలనిపించినట్టుంది, ముందు అనుకున్న ప్లాన్‌లో అది లేదనే కట్టడం చూసినవాళ్ళు చెప్తారు. లాంగ్ గ్యాలరీ అంటే మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో పెద్దింటివాళ్ళకి పట్టుకున్న కొత్త మోజు, పొడవాటి, సన్నటి, వెలుతురు నిండిన గది, వానాకాలంలో బయట తిరగలేనప్పుడు అందులో అటూ ఇటూ నడవడానికి, ఆటలాడుకోవడానికి. ఇక్కడిది 21 మీటర్ల పొడవు. ఆటల సంగతికి సాక్ష్యం కూడా దొరికింది, చెక్క ప్యానెళ్ళ వెనక పడిపోయిన పదిహేడో శతాబ్దం మొదటి నాటి టెన్నిస్ బంతులు నాలుగు. ఎవరో గట్టిగా కొట్టి పోగొట్టుకున్న బంతులు శతాబ్దాల పాటు గోడలో ఉండిపోయాయి.

మోజు బాగానే ఉంది గానీ బరువు సంగతి ఎవరూ సరిగా చూడలేదు. గ్యాలరీ కప్పు మీద వేసింది గట్టి ఇసుకరాతి పలకలు, తేలికపాటి పెంకులు కాదు. ఆ బరువు మొయ్యాల్సిన గోడలేమో అన్ని వైపులా కిటికీలు. దాంతో కింది అంతస్తుల ఫ్లోర్లు వంగాయి, దూలాలు కుంగాయి, గ్యాలరీ గోడలు రెండు పక్కలకీ తెరుచుకుపోకుండా బహుశా పదిహేడో శతాబ్దంలో అడ్డ దూలాలు వేసి బంధించాల్సొచ్చింది. దీన్ని కట్టినవాళ్ళ అజ్ఞానం అనడం మాత్రం అన్యాయం. దేని మీద ఎంత బరువు పెట్టొచ్చో లెక్కకట్టే శాస్త్రమే అప్పటికి లేదు, అనుభవమే లెక్క, ఆ అనుభవం మూడో అంతస్తు గాజు గది దాకా ఇంకా రాలేదు.

ఆ గ్యాలరీ రెండు చివర్లలో కప్పు కింద సున్నంతో చేసిన రంగు బొమ్మలున్నాయి, ఒకవైపు అదృష్ట చక్రం పట్టుకున్న దేవత, దాన్ని నడిపేది అజ్ఞానమని రాసి ఉంటుంది, రెండోవైపు విధి, దాన్ని నడిపేది జ్ఞానమని. ఈ బొమ్మలు 1556లో అచ్చయిన ఒక ఖగోళశాస్త్ర పుస్తకంలోంచి తీసుకున్నవి, రాసింది రాబర్ట్ రికార్డ్, లెక్కల్లో ఇప్పుడు ప్రపంచమంతా వాడే సమానం గుర్తుని మొదట వాడిన మనిషి ఆయనే. రాజధానికి ఎంతో దూరంగా పొలాల మధ్య ఉన్న ఒక భూస్వామి ఇంట్లో లేటెస్ట్ సైన్స్ పుస్తకంలోని బొమ్మ గోడకెక్కిందంటే, ఈ కుటుంబం ఓక్ మీదే కాదు పుస్తకాల మీద కూడా ఖర్చు పెట్టిందని అర్థం.

1610 ప్రాంతంలో చిన్న వంటిల్లు, బీరు కాచే గది కలిపారు, చెప్పుకోదగ్గ కట్టుబడి అంతటితో ఆగిపోయింది.

మళ్ళీ మొదలుకాకుండా చేసింది సివిల్ వార్, అంటే ఇంగ్లండ్ అంతర్యుద్ధం. 1642లో మొదటి చార్లెస్ రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైతే మోర్టన్లు రాజు పక్షం, చుట్టుపక్కలవాళ్ళేమో పార్లమెంటు పక్షం. 1643లో ఇల్లు పార్లమెంటువాళ్ళు స్వాధీనం చేసుకుని సైనికుల్ని దింపారు. తర్వాత అర్జీలు పెట్టుకుని ఆస్తి అయితే వెనక్కి తెచ్చుకున్నారు గానీ ఆర్థికంగా నడుం విరిగిపోయింది. ఎస్టేట్ మొత్తం అమ్మేద్దామని చూశారు, కొన్ని ముక్కలే అమ్ముడయ్యాయి. 1654లో చనిపోయిన విలియం మోర్టన్ మూడు నుంచి నాలుగు వేల పౌండ్ల దాకా అప్పు వదిలి వెళ్ళాడు, ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు, వారసులు ఉన్నదాన్నే మళ్ళీ తాకట్టు పెట్టుకోవాల్సొచ్చింది. 1670ల చివరికి కుటుంబం ఈ ఇంట్లో ఉండటమే మానేసి కౌలు రైతులకి అద్దెకిచ్చేసింది.

ఇదే కౌంటీలో లైమ్ అనే ఎస్టేట్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ కూడా పదహారో శతాబ్దం ఇల్లే, లీ (Legh) అనే కుటుంబానిది. వాళ్ళ దగ్గర డబ్బు నిలిచింది, కాబట్టి 1720ల్లో జియాకొమో లియోని అనే ఇటాలియన్ ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుని ఎలిజబెత్ కాలపు ఇంటికి ఇటలీ స్టైల్ రాతి ముఖం తగిలించారు, స్తంభాలతో, లైన్ తప్పని కిటికీలతో. చాలా గొప్పగా ఉంటుంది, కాదనలేం. కానీ బయట్నుంచి చూస్తే పాత ఇల్లు చాలా మటుకు కనుమరుగైపోయింది. పద్దెనిమిదో శతాబ్దం టేస్ట్ ప్రకారం చెక్క గోడలూ వంకర కిటికీలూ మోటు, పాతచింతకాయ. మోర్టన్ల చేతిలో డబ్బుంటే వాళ్ళు కూడా ఇదే చేసుండేవాళ్ళు, చెయ్యకపోవడానికి ఇంకో కారణం ఏమీ కనిపించదు.

అద్దెకున్న రైతులకి 21 మీటర్ల గ్యాలరీ ఎందుకు? కావాల్సిన గదులు వాడుకున్నారు, మిగతావి మూసేశారు. 1841లో డేల్ అనే కుటుంబం కౌలుకి వచ్చింది, ఇంటిపేరు ఆ కిటికీలు చేసిన వడ్రంగిదే, వాళ్ళు వంద సంవత్సరాలకి పైగా అక్కడే ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంట్లో ఎక్కువ భాగం ఖాళీ, కిటికీలకి చెక్కలు కొట్టేశారు, కప్పు కుళ్ళిపోయింది, ప్రార్థనలు జరిగిన చాపెల్‌లో బొగ్గు పోసుకునేవాళ్ళు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి, పేదరికం ఇంటిని మార్పు నుంచి కాపాడింది గానీ శిథిలం నుంచి కాపాడలేదు, ఇంకో ముప్పై నలభై ఏళ్ళు అలాగే వదిలేసి ఉంటే కాపాడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

1892లో ఇల్లు ఎలిజబెత్ మోర్టన్ చేతికొచ్చింది. ఆమె ఒక ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చికి చెందిన సన్యాసిని, వంశంలో చివరిది. చాపెల్‌ని బాగు చేయించింది, లాంగ్ గ్యాలరీ ఇంకా విచ్చుకుపోకుండా ఉక్కు కడ్డీలు వేయించింది కూడా బహుశా ఆమే. 1912లో చనిపోతూ తన బంధువు, డర్బీ బిషప్ చార్లెస్ అబ్రహాంకి ఇల్లు రాసిచ్చి, ఎప్పటికీ అమ్మకూడదని షరతు పెట్టింది. బిషప్ జనాన్ని లోపలికి రానిచ్చాడు, టికెట్ ఆరు పెన్నీలు, వసూలు చేసేది డేల్ కుటుంబం, అలా పాతికేళ్ళు లాక్కొచ్చి చివరికి 1938లో కొడుకుతో కలిసి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశాడు. డేల్ కుటుంబం ఆ తర్వాత కూడా 1955 దాకా కేర్‌టేకర్లుగా ఉంది. చూడండి, వాస్తుశిల్పం గురించి రాసే పుస్తకాల్లో కట్టించిన విలియంలకీ జాన్‌కీ పేజీలు ఇస్తారు, ఈ సన్యాసినికీ ఆ కౌలు కుటుంబానికీ ఒక లైన్ ఇస్తే గొప్ప. ఇల్లు ఇవాళ ఉందంటే వీళ్ళ వల్లే ఉంది.

ట్రస్ట్ చేతికొచ్చాక బయటపడినవి కూడా ఉన్నాయి. 1976లో ఒక చిన్న గదిలో పద్దెనిమిదో శతాబ్దపు చెక్క ప్యానెళ్ళు తీస్తే వెనక పదహారో శతాబ్దం గోడ చిత్రాలు కనిపించాయి, బైబిల్‌తో పాటు వచ్చే సుసన్నా కథలోని ఘట్టాలు, వాటి కింద నిజమైన చెక్క ప్యానెల్ అనిపించేలా రంగుతో వేసిన ఉత్తుత్తి ప్యానెళ్ళు, మోర్టన్ల కుటుంబ చిహ్నమైన తోడేలు తల. ఫర్నిచర్ మాత్రం దాదాపు ఏమీ లేదు, పాత కాలం నుంచి ఇంట్లోనే ఉన్నవి మూడే, ఒక పొడవాటి భోజనాల బల్ల, ఒక గుండ్రటి బల్ల, ఒక పెద్ద బీరువా. గదులు చాలా వరకు ఖాళీగానే ఉంచారు, అది మంచి నిర్ణయం, ఎక్కడెక్కడివో సామాన్లు తెచ్చి నింపితే చెక్క పని కనబడదు.

1977లో దక్షిణం వైపు కప్పు మీది రాతి పలకలు పట్టు తప్పుతున్నాయని గమనించి ఆరు దశల రిపేర్లు మొదలుపెట్టారు. అక్కడే ఒక గట్టి ప్రశ్న ఎదురైంది, అసలు ఈ ఇంటికి రంగేది? అందరికీ తెలిసిన ఆ నలుపు తెలుపు ట్యూడర్ కాలం నాటిది కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో అలవాటైంది. రంగు వెయ్యని ఓక్ ఎండకీ వానకీ వెండి బూడిద రంగులోకి తిరుగుతుంది, మోర్టన్లు చూసిన ఇల్లు బహుశా అలా ఉండేది. అలాగని మొత్తం గీకేసి పాత రంగుకి తీసుకెళ్తే జనం గుర్తుపట్టే ఇల్లు పోతుంది, గీకడంలో పాత చెక్క కూడా దెబ్బతింటుంది. చివరికి కొత్తగా వేసిన దూలాలకి నల్ల రంగు వెయ్యకుండా ఓక్‌ని ఓక్‌లాగే వదిలేశారు. అందుకే ఇప్పుడు దగ్గరగా వెళ్ళి చూస్తే ఏది పాతదో ఏది రిపేర్‌లో వచ్చిందో గోడ మీదే వేరుగా తెలుస్తుంది.